మాటల మూట: ముక్కు చుట్టాలు

మొహం మధ్యలో కొట్టొచ్చినట్టు కనిపించే అవయవం ముక్కు. కళ్ళజోడు నిలవడానికి అదే ఆధారం, ముక్కుపుడకకు అదే సింహాసనం, పడిశం పడితే మొదటి బాధితురాలూ అదే. "ముక్కున్నంత కాలం పడిశం తప్పదు" అన్నారు మన పెద్దలు. ఈ సంచికలో మన మాటల మూటలోంచి ఆ ముక్కును బయటకు తీద్దాం. ఇంగ్లీషులో దాన్ని నోజ్ అంటారని బాలవిహార్‌కు వెళ్ళే నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. కానీ ఈ నోజ్ ఎక్కడిది? దాని అమ్మానాన్నలెవరు? మన ముక్కుకు అది ఏమవుతుంది?

మన సభల్లోనూ, విందుల్లోనూ ఒక మాట తరచు వినిపిస్తుంది. "నాసిక నుంచే నోజ్ వచ్చింది, ఇంగ్లీషుకు మూలం సంస్కృతమే" అని. ఆ వెంటనే, "తెలుగూ సంస్కృతం నుంచి పుట్టిందే కదా" అని ఇంకొకరు అందుకుంటారు. ఈ రెండూ పిల్లలకు ఎంతో గర్వంగా చెబుతాం. పిల్లలు హైస్కూల్‌కో కాలేజీకో వెళ్ళి ఒక భాషాశాస్త్రం పుస్తకం తెరిచారంటే, అక్కడ వేరే సంగతి ఉంటుంది. అప్పుడు వాళ్ళకు అనుమానం వచ్చేది ఆ ఒక్క మాట మీదే కాదు, మనం చెప్పిన మిగతా వాటన్నిటి మీదా. అందుకని ముక్కు సంగతి ముక్కుసూటిగానే మాట్లాడుకుందాం.

నోజ్ ఇంటి చుట్టాలు

వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ముక్కును నోసు అనేవారు. జర్మన్ వాళ్ళు నాజె అంటారు. రష్యన్ వాళ్ళు నోస్ అంటారు. లాటిన్‌లో నాసుస్, ఇటాలియన్‌లో నాజో. సంస్కృతంలో నాసా, నాసిక. ఇన్ని దేశాల్లో ఇంత దగ్గర పోలిక ఉంటే చుట్టరికం ఉండి తీరాలనిపిస్తుంది. నిజంగానే ఉంది.

కానీ ఒక్క మాట పోలికతో చుట్టరికం తేల్చకూడదు. పెళ్ళిచూపుల్లో ఒక్క ముక్కు చూసి వంశం తేలుస్తామా? భాషల విషయంలోనూ అంతే. ఒక మాట కాకుండా పది మాటలు వరసగా పెట్టి చూడాలి. మచ్చుకు ఇవి చూడండి.

నాసిక, నోజ్.
నఖం, నెయిల్.
నాభి, నేవల్.
నామం, నేమ్.
నవ, న్యూ.

ఇవి ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకునే మాటలు కావు. మిరపకాయ, కాఫీ, కంప్యూటర్ లాంటివి ఎక్కడినుంచైనా వస్తాయి, పేరుతో సహా వస్తాయి. గోటికీ బొడ్డుకూ ఎవరూ పక్క ఊరి నుంచి పేరు తెచ్చుకోవలసిన అవసరం మామూలుగా ఉండదు. అలాంటి మాటలే ఇన్ని కలిశాయంటే, ఏ ధ్వనికి ఏ ధ్వని బదులొస్తుందన్న లెక్క కూడా కుదిరిందంటే, అది రక్తసంబంధం.

1786 ఫిబ్రవరిలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన అక్కడ న్యాయమూర్తి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య పోలికలు కాకతాళీయం కావనీ, అవన్నీ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదనీ అన్నాడు. ఈ ఆఖరి ముక్కే మనం చాలాసార్లు మరిచిపోతాం. ఆయన సంస్కృతాన్ని తల్లి అనలేదు, మిగతావాటికి తోబుట్టువు అన్నాడు. ఆ తల్లి భాషకు పండితులు తరవాత ఇండో-యూరోపియన్ మూలభాష అని పేరు పెట్టారు.

అంటే నాసిక కూతురు కాదు నోజ్. పెద్దమ్మ కూతురు, పిన్ని కూతురు వరస. ఒకే అమ్మమ్మ పోలిక ఇద్దరికీ వచ్చింది, అంతే.

ముక్కు ఇంటి చుట్టాలు

మరి మన ముక్కు? పైన రాసిన వరసనే తెలుగులో చెప్పి చూడండి. ముక్కు, గోరు, బొడ్డు, పేరు, కొత్త. ఒక్కటైనా కలిసిందా? కలవదు. ఎందుకంటే ముక్కు ఇల్లు వేరు. తమిళులు, మలయాళీలు మూక్కు అంటారు. కన్నడిగులు మూగు అంటారు. మన గోరు తమిళంలో ఉగిర్, కన్నడంలో ఉగురు. మన పేరు తమిళంలోనూ పేరే. మన ఇంటి చుట్టాలు వీళ్ళు.

ఈ సంగతి మొట్టమొదట అచ్చులో నిరూపించింది 1816లో. అప్పట్లో మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఒక ముందుమాట రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ధాతువుల పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పని ఆయన ఒక్కడిదే కాదు. మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి వంటి మన పండితుల పాండిత్యం దాని వెనుక ఉంది. ఆ కుటుంబానికి ద్రావిడమని పేరు స్థిరపరిచిన కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది ఇంకో 40 ఏళ్ళకు, 1856లో.

ఇలా అంటే కొందరు పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. తెలుగుకూ సంస్కృతానికీ సంబంధమే లేదంటారా అని. సంబంధం లేకపోవడమేమిటి, బోలెడంత ఉంది! అది రక్తసంబంధం కాదు, వియ్యం. నాసిక మన ఇంటికి ఎప్పుడో కోడలిగా వచ్చింది. వ్యాకరణం పుస్తకంలో అనునాసికమై కూర్చుంది, ప్రాణాయామంలో నాసికాగ్రమై నిలిచింది, కావ్యాల్లో సంపెంగై పూసింది. ఇన్ని వందల ఏళ్ళు కాపురం చేసిన కోడలు పరాయిదవుతుందా? కానీ ఆడపడుచు ముక్కును పట్టుకుని కోడలి కూతురు అంటే మాత్రం ముక్కుకు కోపం వస్తుంది. అసలే కోపం ఉండేది ముక్కు మీద!

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. బడిలో నోజ్, ఇంట్లో ముక్కు, శ్లోకంలో నాసిక. మూడూ వాళ్ళవే. వాటిలో రెండు దూరపు అక్కచెల్లెళ్ళు. మూడోది వేరే ఇంటి పిల్లయినా వాళ్ళ అమ్మ నోటి మాట. ఒక మాట గొప్పదనం చెప్పడానికి ఇంకో మాటను దానికి తల్లిగానో బిడ్డగానో చేయనక్కరలేదు.

నోజ్ సంతానం

ఇంగ్లీషు నోజ్ పెద్ద సంసారి. పిల్లలు చాలామంది, కొందరు తల్లి పోలిక పోగొట్టుకున్నారు కూడా.

నాస్ట్రిల్ అంటే ముక్కుపుటం. పాత ఇంగ్లీషులో దీని అర్థం ముక్కు కన్నం. నోసు అంటే ముక్కు, తిరెల్ అంటే కన్నం. ఆ కన్నం మాటకు చుట్టమే మనం రోలర్‌కోస్టర్ ఎక్కినప్పుడు వాడే థ్రిల్. థ్రిల్ అంటే మొదట్లో పొడిచి తూట్లు చేయడం. మనసులోకి సూదిలా దిగేది కాబట్టి తరవాత్తరవాత పులకింత అయింది. ఇక పిల్లలు సినిమా చూసి థ్రిల్లయ్యామంటే వాళ్ళ ముక్కుపుటాల వంక చూసి నవ్వుకోవచ్చు.

తోటకు నీళ్ళు పెట్టే గొట్టం చివరి నాజిల్ అంటే బుల్లి ముక్కు. కుక్కపిల్ల ముక్కుతో మనల్ని పొడుస్తూ ఒదిగితే నజిల్ అంటారు, అదీ ముక్కులోంచి వచ్చిందే. నోజ్‌గే అంటే చిన్న పూలగుత్తి, ముక్కుకు ముచ్చట అన్నమాట. ఇక్కడో చిన్న తమాషా. నీళ్ళు పోసే మూతిని చూసి ఇంగ్లీషువాళ్ళు ముక్కు అనుకున్నారు. మనవాళ్ళు కొమ్ము అనుకున్నారు, అందుకే మనకు కొమ్ముచెంబు.

తుమ్ముకు ఇంగ్లీషు మాట స్నీజ్. ఇది మొదట ఫ-కారంతో మొదలై ఫ్నీజ్ లాంటి రూపంలో ఉండేది. ఆ రోజుల రాతలో స-కారానికి వాడే పొడుగు అక్షరం ఫ-కారంలాగే కనిపించేది. దాన్ని తప్పుగా చదవడం వల్ల స్నీజ్ అయిందని కొందరంటారు. స్నిఫ్, స్నోర్, స్నార్ట్, స్నౌట్ అంటూ ముక్కు పనులన్నీ అదే ధ్వనితో మొదలవుతున్నాయి కాబట్టి ఇదీ వాటి జట్టులో చేరిందని మరికొందరంటారు. రెండూ కలిసి వచ్చి ఉండవచ్చు.

పెరట్లో నారింజ రంగు పూలు పూసే నస్టర్షియం మొక్క చాలామంది ఇళ్ళలో ఉంటుంది. దాని ఆకు నమిలి చూస్తే ఆవ ఘాటు తగులుతుంది. లాటిన్‌లో నస్టర్షియం అన్నది అలాంటి ఘాటైన ఒక ఆకుకూర పేరు. ముక్కును మెలిపెట్టేది అని దానికి అర్థం చెబుతారు. రుచి కలిసిందని ఆ పేరే ఈ పూలమొక్కకూ అంటింది.

ఇంతకీ ఖడ్గమృగానికి ఇంగ్లీషులో రైనాసరస్ అని ఎందుకు పేరొచ్చింది? గ్రీకులో రిస్ అంటే ముక్కు, కెరస్ అంటే కొమ్ము. ముక్కుకొమ్ముది. ఇక్కడ ఆగి ఆలోచించండి. గ్రీకు కూడా సంస్కృతానికీ ఇంగ్లీషుకూ తోబుట్టువే కదా, దానికి నాసిక లాంటి మాట ఉండొద్దా? ఏదో కాలంలో అది పాత మాటను వదిలేసి రిస్ పట్టుకుంది. ఒకే ఇంటి పిల్లలైనా అందరికీ అమ్మమ్మ ముక్కే రావాలని ఎక్కడుంది!

మన దేశం నుంచి వెళ్ళిన ముక్కులు

నోజ్ మన దేశం నుంచి వెళ్ళింది కాదు. కానీ నిజంగా వెళ్ళిన ముక్కులు రెండున్నాయి.

ఒకటి నార్క్. బ్రిటన్‌లో పోలీసులకు రహస్యంగా కబుర్లు చేరవేసేవాణ్ణి వాడుకభాషలో నార్క్ అంటారు. ఇది రోమానీ భాషలో ముక్కును చెప్పే నాక్ నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువులు చెబుతున్నాయి. సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి బయలుదేరి యూరప్ అంతా పరుచుకున్న వాళ్ళు రోమా ప్రజలు. హిందీవాళ్ళు ముక్కును నాక్ అంటారని మనకు తెలిసిందే. గుడారాల్లో, గుర్రపు బళ్ళ మీద, ఎన్నో దేశాల్లో తరిమివేతలు భరిస్తూ ఆ మాటను వాళ్ళు ఇంగ్లండు దాకా మోసుకెళ్ళారు. పాస్‌పోర్టులూ వీసాలూ లేని రోజుల్లో వలస వెళ్ళిన మన మొదటి మాటల్లో ఇదొకటి. అన్నట్టు, అమెరికాలో మత్తుమందుల పోలీసును నార్క్ అనడం వేరే కథ. అది నార్కోటిక్ అన్న మాటకు పొట్టి రూపం. పైకి కవలల్లా ఉన్నా ఆ రెండింటికీ చుట్టరికం లేదు.

రెండోది మాట కాదు, ముక్కే. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. ఇంగ్లీషు సైన్యంలో ఎద్దులబండి తోలే కవాస్జీ అనే మరాఠా మనిషి 1792 నాటి యుద్ధంలో టిప్పు సైన్యానికి పట్టుబడ్డాడు. అక్కడ అతని ముక్కూ, ఒక చేయీ కోసేశారు. తరవాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని మైనం నమూనా ప్రకారం కోసి, కిందికి తిప్పి, కొత్త ముక్కు నిలబెట్టాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూశారు. ఆ ఉత్తరం పట్టుకుని ఏళ్ళ తరబడి సాధన చేసి, 1814లో లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ అదే పద్ధతిలో ముక్కు చేశాడు. 1818లో జర్మనీలో గ్రేఫె తన పుస్తకానికి రైనోప్లాస్టిక్ అని పేరు పెట్టాడు. రైనోప్లాస్టీ అన్న మాట అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది.

ముక్కు తిరిగి అతికే విద్య సుశ్రుత సంహితలో ఉంది. అక్కడ చెంప చర్మంతో చేయమని చెప్పారు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతి మార్పులు చేర్పులతో ఈ రోజుకీ ఆపరేషన్ థియేటర్లలో వాడుతున్నారు. పేరు గ్రీకుది, పనితనం మనది. పిల్లలకు గర్వంగా చెప్పుకోవడానికి ఇంత గట్టి సంగతి చేతిలో ఉండగా, ఆధారం లేని గొప్పలు మనకెందుకు?

ముక్కు నుడికారం

మాట పుట్టుక ఏదైనా, దాని బతుకంతా నుడికారంలో ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళూ మనమూ ఒకే ముక్కును ఎన్ని రకాలుగా చూశామో గమనించండి.

బాగా ఖరీదు పెట్టాల్సి వస్తే ఇంగ్లీషువాళ్ళు 'పే త్రూ ది నోజ్' అంటారు. మన అప్పులవాళ్ళు 'ముక్కు పిండి వసూలు' చేస్తారు. బాధ ఒకటే. వాళ్ళు ఇచ్చేవాడి వైపు నుంచి చెప్పారు, మనం పుచ్చుకునేవాడి వైపు నుంచి చెప్పాం. పన్ను కట్టనివాళ్ళ ముక్కులు చీల్చేవారట, అందుకే ఆ మాట పుట్టిందట అని ఒక కథ ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారాలు లేవు.

ఆశ్చర్యం వేస్తే మనం ముక్కున వేలేసుకుంటాం. ఇంగ్లీషువాడు బొటనవేలు ముక్కుకు ఆనించి మిగతా వేళ్ళు ఆడిస్తే మాత్రం అది వెక్కిరింత. కాబట్టి ఇక్కడ బామ్మలు ముక్కున వేలేసుకునేటప్పుడు ఏ వేలో కాస్త చూసుకోవాలి!

ముక్కుపచ్చలారని పసివాడు అంటాం మనం. పుట్టినప్పటి తడి ఇంకా ముక్కు మీద ఆరలేదని భావం. ఇంగ్లీషువాళ్ళకు ఆ తడి చెవుల వెనకాల కనిపించింది. పరాయి విషయాల్లో వాళ్ళు ముక్కు దూరుస్తారు, మనం ఏకంగా తలే దూరుస్తాం. కళ్ళెదుటే జరిగిందని మనమంటే, ముక్కు కిందే జరిగిందని వాళ్ళంటారు. డొంకతిరుగుడుగా మాట్లాడేవాణ్ణి చూసి, ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించాడని నవ్వుతాం.

ఇద్దరు ముక్కు కవులు

కృష్ణదేవరాయల కొలువులో పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన మనకు ముక్కు తిమ్మనగా తెలుసు. ఆడవారి ముక్కు మీద ఒక గొప్ప పద్యం చెప్పాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ కథ. అన్ని పూల దగ్గరికీ వెళ్ళే తుమ్మెద తన దగ్గరికి రావడం లేదని సంపెంగ కినిసి తపస్సు చేసి, ముక్కుగా పుట్టి, కళ్ళనే తుమ్మెదలను రెండు పక్కలా నిలుపుకుందని ఆ పద్యం భావం. ఇప్పుడది రామరాజభూషణుడి వసుచరిత్రలో కనిపిస్తుంది. తిమ్మన దగ్గర కొనుక్కున్నాడని ఇంకో కథ.

ఇందులో మనకు కావలసిన ముచ్చట ఒకటుంది. పద్యంలో వాడింది నాసా అన్న సంస్కృత పదం. కానీ జనం ఆ కవిని నాసికా తిమ్మన అనలేదు. ముక్కు తిమ్మన అన్నారు. ముద్దొచ్చినప్పుడు నోటికొచ్చేది ఇంటి మాటే.

రెండు వేల ఏళ్ళ కిందట రోములో ఇంకో మహాకవి ఉండేవాడు, ఓవిడ్. ఆయన పూర్తి పేరు పూబ్లియుస్ ఓవిదియుస్ నాసో. నాసో అంటే ముక్కువాడు, పెద్ద ముక్కువాడు. అది వంశంలో వచ్చిన పేరు. మనకో ముక్కు తిమ్మన, వాళ్ళకో ముక్కు ఓవిడ్!

పిల్లలూ, ఇది మీకు

రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకోండి. ఇప్పుడు "అమ్మ" అనండి. "అబ్బ" లాగా వినిపించిందా? రాయలసీమలో అబ్బ అంటే నాన్న! అమ్మను పిలిస్తే నాన్న పలుకుతాడన్నమాట. ఇప్పుడు "నాన్న" అని చూడండి. "దాద్ద" అవుతుంది. మ, న లాంటి అక్షరాలు పలకాలంటే గాలి ముక్కులోంచి పోవాలి. అందుకే వాటిని తెలుగులో అనునాసికాలు అంటారు, ఇంగ్లీషులో నేజల్స్ అంటారు. నాసికా, నేజల్ మళ్ళీ అక్కచెల్లెళ్ళే.

ఇంకో వింత. నోజ్, నాసిక న-తో మొదలవుతాయి. ముక్కు, మూక్కు, మూగు మ-తో మొదలవుతాయి. రెండూ ముక్కుతో పలికే అక్షరాలే! 2016లో కొందరు శాస్త్రవేత్తలు వేల భాషల మాటలు పోల్చి చూస్తే, చుట్టరికం లేని భాషల్లో కూడా ముక్కు పేరులో న-కారం అనుకున్నదానికంటే ఎక్కువగా కనిపించింది. ముక్కు తన పేరు తనే పలుకుతోందేమో.

ఇప్పుడు మీకో పని. మీ క్లాసులో స్పానిష్, చైనీస్, అరబిక్, వియత్నామీస్ మాట్లాడే స్నేహితులుంటారు. వాళ్ళ ఇంటి భాషల్లో ముక్కును ఏమంటారో అడిగి ఒక కాగితం మీద రాయండి. పక్కనే గోరు, బొడ్డు, పేరు కూడా. ఏవి కలిశాయో, ఏవి కలవలేదో గీతలు గీయండి. విలియం జోన్స్, ఎల్లిస్, పట్టాభిరామశాస్త్రి మొదలుపెట్టిన పని ఇదే. వాళ్ళు అడిగితే మీ మాట కూడా చెప్పండి, నాలుక మీద ఒత్తు పడేలా, సిగ్గుపడకుండా: ముక్కు.

వచ్చే సంచికలో చెవి సంగతి చూద్దాం. అంతవరకూ ఓ చెవి ఇటు వేసి ఉంచండి.